ఎగాదిగా చూశారని ఇంగ్లీషులో చెప్పడం ఎలా? మనుషుల మీది చూపులకు ఇంగ్లీషు నానుడులు నేర్చుకునే పద్ధతి

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక రిపోర్టు తయారుచేసి పై అధికారికి మెయిల్ పెట్టాను. "దయచేసి ఈ రిపోర్టు ఒకసారి చూడండి" అన్నది నా మనసులో మాట. రాసింది మాత్రం "ప్లీజ్ ఓవర్‌లుక్ ది రిపోర్ట్" అని. ఆయన నన్ను పిలిచి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, నువ్వు రాసినదానికి 'ఈ రిపోర్టుని పట్టించుకోకండి' అని అర్థం. నీకు కావలసింది 'లుక్ ఓవర్'." రెండిట్లోనూ ఉన్నవి అవే రెండు మాటలు. ముందుది వెనక్కి, వెనకది ముందుకి జరిగింది. అర్థం తలకిందులైపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకి, ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నాను. వాళ్ళకి వ్యాకరణం బాగానే వస్తుంది. ఎవరైనా తమని ఎలా చూశారో చెప్పమంటే మాత్రం 'హీ సా మీ', 'షీ లుక్డ్ ఎట్ మీ' దగ్గర ఆగిపోతారు. కొరకొరా, గుర్రుగా, ఎగాదిగా, ఓరగా, తేరిపార, చూసీ చూడనట్టు... చూపుకి తెలుగులో ఇన్ని మాటలున్నవాళ్ళం ఇంగ్లీషులోకి రాగానే ఒక్క 'లుక్'తో సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఇంగ్లీషులోనూ ఇంత సంపద ఉంది. దాన్ని అందుకునే దారి ఇక్కడ మెట్లుమెట్లుగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ముందు తెలుగు మాట రాసుకోండి

చాలామంది ఫోన్లో ఇంగ్లీషు నానుడుల జాబితా ఒకటి తీసుకుని, పక్కన తెలుగు అర్థం రాసుకుని బట్టీ పడతారు. అన్నిటికీ అర్థం 'చూచుట' అనే ఉంటుంది. వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. నేను దీన్ని తిరగేసి చేయమంటాను. ఏదైనా పెళ్ళికి వెళ్ళొచ్చిన రాత్రి కూర్చుని, అక్కడ ఎవరు ఎవరిని ఎలా చూశారో తెలుగులోనే రాయండి.

పెద్దత్తయ్య కొత్త కోడల్ని ఎగాదిగా చూసింది. భోజనాల దగ్గర మాట పడ్డ బావగారు కొరకొరా చూశారు. చదువు మధ్యలో ఆపేసిన తమ్ముణ్ణి చుట్టాలు చిన్నచూపు చూశారు. ఎవరో కుర్రాడు ఒకమ్మాయిని రెప్ప వాల్చకుండా చూశాడు. ఓ తల్లి మెట్ల దగ్గర ఆడుకునే పిల్లల మీద కన్నేసి ఉంచింది. అప్పు తీసుకున్న పెద్దమనిషి, ఇచ్చినాయన ఎదురైతే చూసీ చూడనట్టు పక్కకి తప్పుకున్నాడు.

ఆరు చూపుల వెనక ఆరు ఉద్దేశాలున్నాయి: కొలవడం, కోపం, చులకన, కోరిక, కాపలా, తప్పించుకోవడం. ఇంగ్లీషు నానుడులు కూడా ఇంచుమించు ఈ గదుల్లోనే సర్దుకుంటాయి. కాబట్టి నోట్‌బుక్‌లో ఆరు పేజీలు తీసి, ఒక్కో పేజీ పైన ఒక్కో తెలుగు మాట రాయండి. ఇక మీదట మీకు తగిలే ప్రతి ఇంగ్లీషు ప్రయోగాన్నీ "ఈ చూసేవాడి మనసులో ఏముంది?" అని అడిగి, దాని పేజీలో పెట్టండి.

నానుడుల్లోకి వెళ్ళేముందు విడి క్రియలు ఒకసారి సరిచూసుకోండి. 'గ్లాన్స్' అంటే అలా ఒక్కసారి చూడడం. 'స్టేర్' అంటే రెప్ప వేయకుండా చూడడం. 'గేజ్' మైమరచి చూడడం, 'గ్లేర్' కోపంగా చూడడం, 'పీర్' కళ్ళు చికిలించి చూడడం, 'పీక్' చాటుగా తొంగి చూడడం, 'గాక్' నోరెళ్ళబెట్టి చూడడం. సగం సందర్భాల్లో వీటితోనే పని జరిగిపోతుంది. సముద్రాన్ని 'స్టేర్' చేశానని రాసేవాళ్ళని చూస్తుంటాను. అక్కడ కావలసింది 'గేజ్'.

రెండో మెట్టు: కొలిచే చూపులు

మన 'ఎగాదిగా'కి అచ్చుగుద్దినట్టు సరిపోయేది 'లుక్ సమ్‌వన్ అప్ అండ్ డౌన్'. మన మాటలో ఎగువ, దిగువ ఉన్నట్టే అందులోనూ పైనా కిందా ఉన్నాయి. "ది షాప్‌కీపర్ లుక్డ్ మీ అప్ అండ్ డౌన్" అంటే ఆ షాపాయన నా బట్టలూ చెప్పులూ చూసి నా జేబులో ఎంతుందో లెక్కేశాడని. ఇక్కడ మనిషి మాట 'లుక్' పక్కనే రావాలి. 'లుక్డ్ అప్ అండ్ డౌన్ మీ' అనకూడదు. చివర 'అండ్ డౌన్' మర్చిపోయి 'లుక్డ్ మీ అప్' అన్నారంటే, నా అడ్రసు వెతుక్కుంటూ వచ్చి కలిశాడు అని అర్థం మారిపోతుంది.

దీనికి దగ్గరి చుట్టం 'గివ్ సమ్‌వన్ ది వన్స్ ఓవర్'. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా వాడుకలో పుట్టిన మాట. ఒక్క చూపులో పైపైన పరిశీలించడం అన్నమాట. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు కొత్తగా వచ్చినవాళ్ళని చూసే చూపు ఇదే. 'అప్ అండ్ డౌన్'లో కొంచెం చులకనో, కొంచెం చెడు కోరికో ధ్వనిస్తుంది. 'వన్స్ ఓవర్'లో అది ఉండవచ్చు, లేకపోవచ్చు. కారుని, అద్దెకి చూసిన ఇంటిని కూడా 'వన్స్ ఓవర్' చేయొచ్చు.

'సైజ్ అప్' అనగానే ఒళ్ళు లావా, సన్నమా అనుకుంటారు. దానికీ ఒంటి కొలతకీ సంబంధం లేదు. ఎదుటివాడి శక్తి ఎంత, వీడితో మనకి ఎలా కుదురుతుంది అని లోపల అంచనా కట్టడం అది. బరిలోకి దిగిన ఇద్దరు మల్లయోధులు చేయి కలిపేముందు ఒకర్నొకరు చూసుకునే చూపు. మన పెళ్ళిచూపులు ఇంగ్లీషువాళ్ళకి వివరించాల్సి వస్తే నాకు ఇంతకన్నా మంచి మాట దొరకలేదు: "బోత్ ఫ్యామిలీస్ వర్ సైజింగ్ ఈచ్ అదర్ అప్". కాఫీ కప్పు ఎలా పట్టుకున్నాడు, గడప దగ్గర చెప్పులు ఎలా విడిచాడు, అన్నీ ఆ మాటలో ఇమిడిపోతాయి. ఇద్దరివైపు నుంచీ కొలత జరుగుతోందని కూడా తెలుస్తుంది.

ఇదే పేజీలో ఉద్యోగాల వార్తల్లో కనిపించే 'వెట్' అన్న క్రియ రాసుకోండి. పశువుల డాక్టరుని 'వెటరినరీ' అంటారుగా, దాని ముక్కే ఇది. మొదట పశువుని డాక్టరుకి చూపించడాన్ని 'వెట్' చేయించడం అనేవారు. తర్వాత అది మనుషుల మీదికి వచ్చింది. పదవికి పేరు ఖాయం చేసేముందు గతమంతా తవ్వి చూడడాన్ని ఇప్పుడు 'వెటింగ్' అంటున్నారు. పళ్ళు లెక్కపెట్టి, కాళ్ళు తడిమి చూసి పశువుని బేరమాడే సంత మనకి తెలిసిందే. ఆ బొమ్మ ఒక్కసారి కళ్ళ ముందు పెట్టుకుంటే మాట ఇక మర్చిపోరు.

'పాస్ మస్టర్' కూడా అంతే. ఉపాధి హామీ పనికి వెళ్ళేవాళ్ళకి 'మస్టర్' కొత్త మాట కాదు. పని దగ్గర పేర్లు రాసేది మస్టర్ రోల్. పాతకాలపు సైన్యంలో మనుషుల్నీ ఆయుధాల్నీ వరుసగా నిలబెట్టి సరిచూసుకోవడం మస్టర్. దాని మూలమైన లాటిన్ మాటకి 'చూపించు' అని అర్థం. ఆ తనిఖీలో నెగ్గితే 'పాస్ మస్టర్'. "మై షర్ట్ డిడ్ నాట్ పాస్ మస్టర్ విత్ మై మదర్" అంటే ఆ చొక్కా అమ్మ చూపు దగ్గర నిలవలేదని.

మూడో మెట్టు: చివర వచ్చే చిన్న మాటని వదలకండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే చదువుతానంటే ఇది చదవమంటాను. 'లుక్' పక్కన వచ్చే రెండు మూడు అక్షరాల మాటే చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో చెబుతుంది. అర్థమంతా దాని చేతిలోనే ఉంది.

'లుక్ అప్ టు' అంటే తల ఎత్తి చూడడం, అంటే గౌరవించడం. "ఐ లుక్ అప్ టు మై గ్రాండ్‌ఫాదర్" అంటే మా తాతయ్య అంటే నాకు గౌరవం, ఆయనలా ఉండాలని ఉంటుంది అని. 'లుక్ డౌన్ ఆన్' అంటే పైనుంచి కిందికి చూడడం, అంటే చిన్నచూపు. 'లుక్ డౌన్ యువర్ నోజ్ ఎట్' దీనికి ఇంకాస్త కారం కలిపిన మాట. తల వెనక్కి వాల్చి, ముక్కు మీదుగా ఎదుటివాణ్ణి చూసే భంగిమ ఊహించుకోండి. మనవాళ్ళు కళ్ళు నెత్తికెక్కాయంటారే, ఆ మనిషి చూసే చూపు అది.

పైనుంచి చూస్తే చులకన, కిందినుంచి చూస్తే గౌరవం అన్నది ఇంగ్లీషుకే సొంతం కాదు. లాటిన్లో 'స్పెకెరే' అంటే చూడడం. దాని పిల్లలు ఇంగ్లీషులో ఎన్నో ఉన్నాయి. 'ఇన్‌స్పెక్ట్' లోపలికి చూడడం. 'రెస్పెక్ట్' వెనక్కి తిరిగి మళ్ళీ చూడడం. 'సస్పెక్ట్' కిందినుంచి చూడడం, అంటే తల వంచుకుని కనుబొమ్మల కిందనుంచి అనుమానంగా చూడడం. 'డిస్పైజ్' అంటే ఏవగించుకోవడం, మూలంలో కిందికి చూడడం. ఒక పోలీస్ ఇన్‌స్పెక్టర్, ఆయన పట్టుకున్న సస్పెక్ట్, ఆయనకి జనం ఇచ్చే రెస్పెక్ట్, మూడూ ఒకే చూపు నుంచి పుట్టాయి. తరగతిలో ఇది చెప్పినప్పుడల్లా ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండిపోతారు. నాకెంతో ఇష్టమైన నిమిషం అది.

ఇప్పుడు అందరూ తప్పు చేసే జంట. 'లుక్ త్రూ సమ్‌వన్' అంటే ఎదురుగా ఉన్న మనిషిని గాజు పలకలా భావించి, అక్కడ ఎవరూ లేనట్టు చూపు దాటించేయడం. 'సీ త్రూ సమ్‌వన్' అంటే నటన వెనక ఉన్న అసలు మనిషిని పసిగట్టడం. "షీ లుక్డ్ రైట్ త్రూ మీ" అంటే తెలిసినావిడే అయినా పలకరించకుండా పోయింది. "షీ సా రైట్ త్రూ మీ" అంటే నా అబద్ధం ఆవిడకి దొరికిపోయింది. మొదటిది అవమానం, రెండోది దొరికిపోవడం.

నా మెయిల్లో వచ్చిన తప్పు కూడా ఇలాంటిదే. 'లుక్ ఓవర్' ఒకసారి పరిశీలించడం, 'ఓవర్‌లుక్' పొరపాటునో కావాలనో వదిలేయడం. 'ఓవర్‌సీ' అంటే అజమాయిషీ చేయడం, కానీ 'ఓవర్‌సైట్'కి అజమాయిషీ అనీ, కంటబడక జరిగిన పొరపాటు అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. "ఇట్ వాజ్ ఎన్ ఓవర్‌సైట్" అని మెయిల్ వస్తే అవతలివాళ్ళు తప్పు ఒప్పుకుంటున్నారన్నమాట. 'లుక్ ఇంటూ' విషయం కూపీ లాగడం, 'లుక్ ఆఫ్టర్' బాగోగులు చూసుకోవడం. వీటిని మీరు రోజూ వింటూనే ఉంటారు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

నోట్‌బుక్‌లో వీటిని రాసేటప్పుడు పక్కన ఒక బాణం గీయండి. గౌరవానికి పైకి, చులకనకి కిందికి, కూపీకి లోపలికి, పట్టించుకోకపోవడానికి మనిషిలోంచి అవతలికి. ఈ బాణాలు తెలుగు అర్థాల కన్నా ఎక్కువ కాలం గుర్తుంటాయి.

నాలుగో మెట్టు: కోపం, అనుమానం

కొరకొరా చూడడానికి 'లుక్ డాగర్స్ ఎట్' సరైన జోడీ. డాగర్ అంటే బాకు. చూపులతో పొడిచేయడం. "హీ లుక్డ్ డాగర్స్ ఎట్ మీ" అన్నప్పుడు 'డాగర్స్' ముందు 'విత్' పెట్టకండి, మనవాళ్ళు తరచూ పెడతారు. ఇంకొంచెం తేలికైన కోపానికి 'గివ్ సమ్‌వన్ ఎ డర్టీ లుక్' ఉంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. 'డర్టీ' ఉంది కదా అని చాలామంది దీన్ని అసభ్యమైన చూపు అనుకుంటారు. కాదు, ఇది విసుగుతోనో కోపంతోనో మొహం చిట్లించి చూడడం. లైబ్రరీలో గట్టిగా మాట్లాడితే పక్కవాళ్ళు చూసే చూపు.

'ఈవిల్ ఐ' దగ్గర మనం ఎక్కువగా పొరబడతాం. మనకి దిష్టి అన్న ఒక పెద్ద నమ్మకం ఉంది. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందంటాం. గుమ్మానికి గుమ్మడికాయ కడతాం, పసిపిల్లకి బుగ్గన చుక్క పెడతాం. దిష్టికి ఇంగ్లీషులో 'ఈవిల్ ఐ' అన్నది నిజమే. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల్లోనూ ఆ నమ్మకం ఉంది, టర్కీలో అమ్మే నీలి గాజు కంటి బిళ్ళ దాని కోసమే. అయితే రోజువారీ ఇంగ్లీషులో "షీ గేవ్ మీ ది ఈవిల్ ఐ" అంటే దిష్టి పెట్టిందని కాదు, నా మీద గుర్రుగా చూసిందనే. ఆఫీసులో ఒకావిడ నా కొత్త చీర చూసి మెచ్చుకుంది, దిష్టి తగులుతుందేమో అని చెప్పాలనుకుని ఈ వాక్యం వాడితే, ఆవిడ మీద ఫిర్యాదు చేసినట్టవుతుంది.

అనుమానానికి పాత మాట 'లుక్ ఆస్కాన్స్ ఎట్', కొత్త మాట 'గివ్ ద సైడ్ ఐ'. మొదటిది పుస్తకాల్లో, వార్తల్లో కనిపిస్తుంది. రెండోది పిల్లల మాటల్లో, సోషల్ మీడియాలో. రెండూ ఓరచూపులే. అయితే మన ఓరచూపులో, క్రీగంటి చూపులో సిగ్గూ వలపూ ఉంటాయి. కావ్యాల నాయికలు ఓరగా చూసింది అనుమానంతో కాదు. కాబట్టి ప్రేమ కథని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఓరచూపుని 'సైడ్ ఐ' చేశారో, కథ పాడైపోతుంది. అక్కడ 'ఎ షై సైడ్‌లాంగ్ గ్లాన్స్' అనండి.

'రోల్ యువర్ ఐస్' ఇంకో చిక్కు. కళ్ళు తిప్పుకుంటూ మాట్లాడే పిల్లని మనం ముద్దు చేస్తాం. వాళ్ళకి మాత్రం కనుగుడ్లు పైకి తిప్పడం 'ఇక నీ మాటలు చాలు' అన్న విసుగు, ధిక్కారం. మనం మూతి తిప్పినట్టు. అమెరికాలో చదివే మనవరాలు అమ్మమ్మ ముందు అలా చేస్తే అమ్మమ్మకి అది తిరస్కారంగా కనబడదు, వాళ్ళమ్మకి మాత్రం ఒళ్ళు మండిపోతుంది. ఎన్నో ఇళ్ళలో విన్న మాటే ఇది.

ఐదో మెట్టు: కాపలా, సోదా

ఇది తేలికైన పేజీ. ఇక్కడ రెండు భాషలూ భుజం భుజం కలుపుకుని నడుస్తాయి. 'కీప్ ఎన్ ఐ ఆన్' మన 'ఓ కన్నేసి ఉంచడం'. 'వాచ్ లైక్ ఎ హాక్' మన డేగ కళ్ళు. 'పుట్ అండర్ ది మైక్రోస్కోప్' మన 'భూతద్దం పెట్టి చూడడం'. 'గో ఓవర్ విత్ ఎ ఫైన్ టూత్ కోమ్' అంటే సన్న పళ్ళ దువ్వెన, మన పేల దువ్వెన, పెట్టి గాలించడం. చివరి మాట కాగితాలకి, లెక్కలకి, మనిషి గతానికి వాడతారు. మనిషినే నేరుగా దువ్వరు.

రెండు చోట్ల మాత్రం ఆగండి. 'కీప్ ఎన్ ఐ ఆన్' అంటే ఎదురుగా ఉన్నదాన్ని కనిపెట్టి ఉండడం. 'కీప్ ఎన్ ఐ ఔట్ ఫర్' అంటే ఇంకా రానిదాని కోసం చూస్తూ ఉండడం. సామాను మీద 'ఆన్', రావాల్సిన బస్సు కోసం 'ఔట్ ఫర్'. ఇంకొకటి, 'లుక్ ఓవర్ సమ్‌వన్స్ షోల్డర్' అంటే పనిచేసేవాడి వెనక నిలబడి ప్రతిదీ గమనించడం. 'లుక్ ఓవర్ యువర్ షోల్డర్' అంటే మన భుజం మీదుగా మనమే వెనక్కి తిరిగి చూసుకుంటూ భయంతో బతకడం. ఎవరి భుజం అన్నదొక్కటే తేడా.

'కీప్ ట్యాబ్స్ ఆన్' అన్నది వింటూ ఉంటారు. ఒకడు ఎక్కడికి వెళ్తున్నాడు, ఏం చేస్తున్నాడు అని లెక్క పెట్టుకోవడం. ఇందులో నిఘా వాసన ఉంది. హాస్టల్లో ఉన్న కూతురి గురించి తండ్రి "ఐ కీప్ ఎన్ ఐ ఆన్ హర్" అంటే ప్రేమ వినబడుతుంది, "ఐ కీప్ ట్యాబ్స్ ఆన్ హర్" అంటే పెత్తనం వినబడుతుంది.

ఆరో మెట్టు: ఈ పేజీని అతి జాగ్రత్తగా తెరవండి

కోరికతో చూసే చూపుల మాటలు తెలియకుండా వాడితే ఉద్యోగానికే ముప్పు రావచ్చు. తెలియకపోతే మన మీద జరిగిన తప్పుని చెప్పుకోలేం. అందుకే ఈ పేజీని దాటేయమని ఎవరికీ చెప్పను, ముఖ్యంగా అమ్మాయిలకి.

'చెక్ ఔట్' మొదటిది. హోటల్ గది ఖాళీ చేయడం, కొత్త ఫోను ఎలా ఉందో చూడడం అన్న అర్థాల్లో ఇది మామూలు మాట. మనిషి మీద పెడితే మాత్రం అందం కోసం చూడడం అవుతుంది. నా విద్యార్థిని ఒకమ్మాయి, ఒంట్లో బాగాలేని మేనేజర్‌ని పలకరించడానికి వెళ్తూ "ఐ విల్ చెక్ హిమ్ ఔట్" అని తోటివాళ్ళతో అందట. "మేడమ్, వాళ్ళు ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు" అని అడిగింది. ఆమెకి కావలసింది 'చెక్ ఆన్ హిమ్'. 'ఆన్' అంటే బాగున్నాడా అని చూడడం, 'అప్ ఆన్' అంటే పని సరిగ్గా చేస్తున్నాడా అని చూడడం, 'ఔట్' అంటే ఈ వ్యవహారం. మూడూ ఒకే వరుసలో రాసుకోండి.

బ్రిటన్లో ఇదే అర్థానికి 'ఐ సమ్‌వన్ అప్' అంటారు. 'ఓగిల్', 'లీర్' అన్నవి అక్కడా ఇక్కడా ఒకటే, రెండూ చెడ్డ చూపులు. 'లీర్'లో పెదవి మీద వంకర నవ్వు కూడా కలిసి ఉంటుంది. 'అన్‌డ్రెస్ సమ్‌వన్ విత్ యువర్ ఐస్' అన్నదాన్ని వివరించక్కర్లేదు, బస్సుల్లో తిరిగే ఆడవాళ్ళకి ఆ చూపు తెలుసు. మన కుర్రాళ్ళు అనే 'సైట్ కొట్టడం'లో 'సైట్' ఇంగ్లీషుదే అయినా, ఇంగ్లీషువాళ్ళకి అది అర్థం కాదు. ఇంగ్లీషులో అలాంటి ప్రయోగం లేదు.

'పీపింగ్ టామ్' అన్న మాట వెనక కథ ఉంది. ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణంలో 11వ శతాబ్దపు దొరసాని గొడైవా, భర్త వేసిన పన్నులు తగ్గించమని వేడుకుని, అతని పంతం ప్రకారం నగ్నంగా గుర్రం మీద ఊరంతా తిరిగిందని జనం చెప్పుకునే కథ. ఊరివాళ్ళందరూ ఆమె మీద గౌరవంతో తలుపులు మూసుకున్నారట. టామ్ అనేవాడు ఒక్కడే కిటికీ సందులోంచి తొంగి చూసి చూపు పోగొట్టుకున్నాడట. ఈ టామ్ అసలు కథలో లేడు, 17వ శతాబ్దంలో వచ్చి చేరాడు. చాటుగా చూసేవాడికి అతని పేరు మిగిలింది.

కథ పాతదే కానీ తప్పు ఇప్పటిది. మన దేశంలో 2013లో చేసిన చట్ట సవరణతో, ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడడం, ఫోటో తీయడం 'వాయరిజం' పేరుతో ప్రత్యేక నేరమైంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షన్. మొదటిసారి రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు. లండన్ రవాణా సంస్థ 2021లో లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా ప్రచారం మొదలుపెట్టినప్పుడు, 'ఇంట్రూసివ్ స్టేరింగ్', అంటే మీద పడిపోయేలా అదేపనిగా చూడడం కూడా వేధింపే అని పోస్టర్లు వేసింది. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్ళే మన అబ్బాయిలకి ఇది ముందే చెప్పాలి. కొత్త ఊళ్ళో కొత్త మనుషుల్ని అలా చూస్తూ ఉండిపోవడం మనవైపు అమాయకత్వంగా చెల్లిపోతుంది, అక్కడ చెల్లదు.

ఆఫీసులో ఫిర్యాదు రాయాల్సి వస్తే మాత్రం నానుడి వాడకండి. 'హీ చెక్స్ మీ ఔట్' అని రాస్తే తేలికగా తీసుకుంటారు. 'హీ స్టేర్స్ ఎట్ మై బాడీ', 'హీ లీర్స్ ఎట్ మీ' అని ఉన్నదున్నట్టు, తేదీ, చోటు, ఎన్నిసార్లు అన్నవి కలిపి రాయండి. ఏ మాట ఎక్కడ పనికిరాదో తెలియడం కూడా భాష నేర్చుకోవడంలో భాగమే.

ఏడో మెట్టు: చూసీ చూడనట్టు

'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అంటే కళ్ళెదుట జరుగుతున్నదాన్ని చూడనట్టు ఊరుకోవడం. దీన్ని బ్రిటిష్ నావికాధిపతి నెల్సన్‌కి ముడిపెడతారు. 1794లో కోర్సికా దీవిలోని కాల్వి దగ్గర జరిగిన పోరులో ఆయన కుడి కంటి చూపు పోయింది. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హేగన్ యుద్ధంలో పోరాటం ఆపమని పై అధికారి నౌక నుంచి జెండాల సంకేతం వచ్చింది. నెల్సన్ దుర్భిణిని ఆ చూపు లేని కంటికి పెట్టుకుని, నాకే సంకేతమూ కనబడడం లేదన్నాడని చెబుతారు. యుద్ధం కొనసాగింది, గెలిచాడు. అయితే చూపు లేనివాళ్ళకి నొప్పి కలిగిస్తుందని ఇప్పుడు కొందరు ఈ మాట మానేసి 'లుక్ ది అదర్ వే' అంటున్నారు. ఆఫీసు రాతల్లో నేను కూడా దాన్నే వాడమంటాను.

ఎనిమిదో మెట్టు: సాధన

ఏదైనా తెలుగు సీరియల్ పెట్టి శబ్దం తీసేయండి. ఒక మొహం దగ్గరగా కనిపించినప్పుడు ఆపండి. ఆ చూపుకి ముందు తెలుగు మాట, తర్వాత ఇంగ్లీషు వాక్యం రాయండి. నానుడి ఒక్కటే రాస్తే లాభం లేదు. ఎవరు, ఎవరిని, ఎందుకు అన్న మూడూ వాక్యంలో ఉండాలి. రోజుకి మూడు వాక్యాలు చాలు. ఆ తర్వాత ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఈ మాట ఆ మనిషి ముందే అనగలనా? 'లుక్ అప్ టు' అనగలరు. 'సీ త్రూ' అంటే గొడవ మొదలవుతుంది. 'సైజ్ అప్' వెనక మాత్రమే అనాలి.

ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి ఇంకో సాధన ఉంది. పెద్దల ముందు చూపు దించుకోవడం మనకి మర్యాదగా నేర్పారు. ఇంగ్లీషు దేశాల్లో 'లుక్ మీ ఇన్ ది ఐ' అన్నది నిజాయితీకి పరీక్ష, చూపు దించితే ఏదో దాస్తున్నాడనుకుంటారు. అలాగని గుచ్చిగుచ్చి చూస్తే 'స్టేర్' అయిపోతుంది. నాలుగైదు సెకన్లు కళ్ళలోకి చూసి, ఒకసారి చూపు పక్కకి తిప్పి, మళ్ళీ చూడడం అద్దం ముందు అలవాటు చేసుకోండి. టెన్షన్ ఎక్కువగా ఉంటే రెండు కనుబొమ్మల మధ్య చూడండి, ఎదుటివాళ్ళకి తేడా తెలియదు.

ప్రేమ చూపుల కోసం ఏడో పేజీ ఒకటి తెరవమని చివర్లో చెబుతాను. అందులో మొదటి మాట 'ది ఆపిల్ ఆఫ్ మై ఐ'. పాత ఇంగ్లీషులో కంటి మధ్యలోని నల్లగుడ్డునే ఆపిల్ అనేవారు, కాబట్టి ఇది నేరుగా మన 'నా కంటిపాప'. ఆ నల్లగుడ్డుకి ఇప్పటి ఇంగ్లీషు పేరు 'ప్యూపిల్'. దాని లాటిన్ మూలానికి చిన్న బొమ్మ, చిన్న పిల్ల అని అర్థం. దగ్గరగా వెళ్ళి ఎవరి కంట్లోకి చూసినా మన రూపం చిట్టి బొమ్మలా అందులో కనిపిస్తుంది గనుక ఆ పేరు. మనం 'పాప' అన్నదీ అందుకే అనిపిస్తుంది నాకు. ఒకరినొకరు ఎరగని రెండు భాషలు ఎదుటివాళ్ళ కంట్లోకి చూసి ఒకే పిల్లని చూశాయి.

ఈ పేజీ నింపమన్నప్పుడు హాస్టల్లో ఉండి చదివే ఒకమ్మాయి వాళ్ళ నానమ్మ గురించి రాసుకొచ్చింది. సెలవులకి ఊరెళ్తే నానమ్మ వాకిట్లోనే నిలబెట్టి, పైనుంచి కిందిదాకా చూసి, "చిక్కిపోయావేంటే తల్లీ" అందట. దాన్ని "షీ లుక్డ్ మీ అప్ అండ్ డౌన్" అని రాసింది. తప్పు లేదు, కానీ ఆ మాటలో నానమ్మ లేదు, షాపాయన ఉన్నాడు. "నానమ్మ నిన్ను ఎగాదిగా చూసిందా?" అని అడిగాను. "లేదు మేడమ్, తేరిపార చూసింది" అంది వెంటనే. ఆ వాక్యం కొట్టేసి, కింద తనే మళ్ళీ రాసింది: "షీ టుక్ ఎ లాంగ్, గుడ్ లుక్ ఎట్ మీ."